చొక్కా లాగే ప్లీడరు

మా కలప మిల్లుకి ఒకసారి ఎంత లావు దుంగ వచ్చిందంటే, అవతలి వైపు కొలత చూసి రమ్మని పంపిన మనిషి తిరిగొచ్చేసరికి అతని గడ్డం నెరిసిపోయింది. ఈ సంగతి నేను పళ్ళ డాక్టరుకి పావుగంట సేపు చెప్పాను, చేతులూ కాళ్ళూ ఆడిస్తూ, మధ్యలో ఒకసారి కుర్చీలోంచి లేచి మరీ. నా పక్కన నిలబడ్డ పదకొండేళ్ళ కూతురు ఓపిగ్గా అంతా విని, డాక్టరు వైపు తిరిగి మూడు మాటలంది. డాక్టరు తలూపి, నా పన్ను పీకేశాడు. ఏం చెప్పావే అని బయటికొచ్చాక అడిగితే, "ఎడమ పక్క. కింద. చివరిది," అంది.

అదీ మా ప్లీడరు. ఆ పేరు పెట్టింది మా ఆవిడ.

ఈ దేశం వచ్చేటప్పటికి పిల్లకి ఐదేళ్ళు. మా ఆవిడకి ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే పని దొరికింది, నాకు ఊళ్ళో ఏళ్ళ తరబడి చేసిన రంపం పనే ఇక్కడి కలప మిల్లులోనూ దొరికింది. పిల్ల బళ్ళో పడింది. ఆరు నెలలు తిరక్కుండానే ఇక్కడి భాష దాని నోట్లో వేయించిన గింజల్లా పటపటలాడింది. మా ఆవిడ తన పనికి సరిపడా నేర్చుకుంది. దుప్పటి, తువ్వాలు, మరక, తొందరగా. నాకు అదీ రాలేదు. ఒకటి కాదు, ఆరేళ్ళు.

నన్ను మొద్దు అనుకోకండి. ఊరి బళ్ళో మా పంతులుగారు ఎక్కం ఒక్కసారి చెబితే నాకు పట్టుబడేది. ఆయన గొంతు అలాంటిది లెండి. ఆయన పదమూడో ఎక్కం ఎత్తుకున్నాడంటే పక్క ఊరి పిల్లలు కూడా లెక్కల్లో పాసైపోయేవాళ్ళు. చిక్కంతా ఇక్కడి వాళ్ళతోనే వచ్చింది. వీళ్ళ పెదాలు కదిలేవి, చేతులు కదిలేవి, మాట మాత్రం గడప దాటి వచ్చేది కాదు. వీళ్ళంతా నోట్లో గుప్పెడు బియ్యం పోసుకుని మాట్లాడే జనమని తేల్చేశాను. ఆ మాట కనబడిన వాళ్ళందరికీ చెప్పాను. ఎవరూ కాదనలేదు. నేను చెప్పేది వాళ్ళకి అర్థమైతే కదా కాదనడానికి.

కాబట్టి బయట పని ఏదొచ్చినా ప్లీడరు రావలసిందే. కరెంటు ఆఫీసుకీ, ఆసుపత్రికీ, చివరికి బళ్ళో టీచర్లు తన మీద చెప్పే ఫిర్యాదుల్ని నాకు తనే విప్పి చెప్పడానికీ. ఏ ఆఫీసుకి వెళ్ళాలన్నా అంతకుముందు సాయంత్రం మా పొయ్యి దగ్గర కోర్టు జరిగేది. మా ఆవిడ గరిటె పట్టుకుని ఆఫీసరు కుర్చీలో కూర్చునేది. ఆ వేషం ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. పైగా హోటల్లో ఉతికే మిషన్ల హోరులో అరిచి అరిచి ఆవిడ గొంతు ఇంట్లో కూడా అదే స్థాయిలో ఉండేది. నేను ఎదురుగా నిలబడేవాణ్ణి. ప్లీడరు మా ఇద్దరి మధ్యా నిలబడి రూల్సు చెప్పేది.

రూల్సు మూడే. ఒక్కసారికి ఒక్క మాటే చెప్పాలి. దుంగ కథలు చెప్పకూడదు. మూడోది చొక్కా. అది నా ఎడమ పక్కన నిలబడి, ఎవరికీ కనబడకుండా నా చొక్కా చెయ్యి పట్టుకునేది. ఒకసారి లాగితే తల ఊపాలి. రెండుసార్లు లాగితే నవ్వాలి. మూడుసార్లు లాగితే నోరు మూసుకోవాలి.

ఈ పద్ధతి ఎంత బాగా కుదిరిందంటే, నేను ఈ వీధిలోకెల్లా నెమ్మదస్తుణ్ణని పేరొచ్చింది. సరైన చోట తల ఊపుతాడు, సరైన చోట నవ్వుతాడు, ఎక్కువ మాట్లాడడు అని ఇంటి యజమానురాలు నలుగురిలో చెప్పేదట. ఒక్కసారే తప్పింది. ఆవిడ మెట్ల మీద ఎదురై ఏదో చెబుతుంటే, లాగుడు వచ్చేదాకా ఆగలేక సొంతంగా నవ్వేశాను. ఆవిడ పిల్లి చచ్చిపోయిందట. నెల రోజులు మా మెట్ల మీద దీపం వెలగలేదు.

అలా ఉండగా మిల్లులో పెద్ద రంపం దగ్గర హెడ్డుగా పనిచేసే ముసలాయన పని మానేస్తున్నాడని తెలిసింది. మేస్త్రీ నన్ను పిలిచి, నా భుజం తట్టి, ఆ రంపాన్ని చూపించి, మళ్ళీ నన్ను చూపించాడు. దానికి ప్లీడరు అక్కర్లేకపోయింది.

ఆ రంపం సంగతి మీకు చెప్పాలి. దాని పదును ఎలాంటిదంటే, ఎండలో దాని పక్కన నిలబడితే మన నీడ రెండు ముక్కలైపోతుంది. సరే, ఇది కొంచెం ఎక్కువే. దాని ముందు నాలుగు మెట్ల ఎత్తులో ఒక చెక్క దిమ్మె ఉంటుంది. హెడ్డు ఆ దిమ్మె మీద ఒక్కడే నిలబడి మీట తిప్పుతాడు. అతని వెనక వాలు బల్ల. పైనుంచి దుంగలు ఆ బల్ల మీదుగానే జారి వస్తాయి. నేను అప్పటిదాకా కింద, చిన్న రంపం దగ్గర పనిచేసేవాణ్ణి. నాకెదురుగా ఒక పొడుగాయన ఉండేవాడు. ఆయన అడుగు వెనక్కేస్తే నేనూ వేసేవాణ్ణి, ఆయన వంగితే నేనూ వంగేవాణ్ణి. ఆరేళ్ళు అలా జోడెద్దుల్లా పనిచేశాం. ఇప్పుడు దిమ్మె ఎక్కితే ఎదురుగా ఎవరూ ఉండరు, మిల్లంతా నా కాళ్ళ కింద ఉంటుంది. రాజు పల్లకీ ఎక్కినట్టే అనుకున్నాను.

పల్లకీ కంటే ముఖ్యమైంది ఇంకోటుంది. హెడ్డుకి మిల్లువాళ్ళు ఇల్లిస్తారు. కలప పేర్చే మైదానం వెనక, రెండు గదులూ, ఒక వంటిల్లూ, వెనక పక్క కిటికీ ఉన్న చిన్న గదీ. మేము అప్పుడు బట్టలుతికే దుకాణం పైన ఒకే గదిలో ఉండేవాళ్ళం. ప్లీడరు ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకుని నేల మీద కూర్చుని రాసుకునేది. ఆదివారం ముగ్గురం వెళ్ళి ఆ ఇంటిని బయటినుంచి చూసొచ్చాం. కిటికీ గది ఎన్ని అడుగులుందో ప్లీడరు గోడ వెంట నడిచి లెక్కపెట్టింది. ఇంటికొచ్చి కాగితం మీద ఆ గది గీసింది. ఇక్కడ మంచం, ఇక్కడ సంచీకి మేకు, కిటికీ కింద బల్ల. బల్లకి రంగు కూడా వేసింది. ఆ కాగితాన్ని గోడకి అంటించుకుంది. అంతకుముందు అది నన్నేదీ అడిగిన పిల్ల కాదు. అప్పుడూ నోటితో అడగలేదు.

ఆ తర్వాతి వారం మిల్లునుంచి కాగితం వచ్చింది. ప్లీడరు చదివి చెప్పింది. దిమ్మె ఎక్కబోయేవాళ్ళు చెవుల పరీక్ష పాసవ్వాలి.

ఆ సాయంత్రం పొయ్యి దగ్గర కోర్టు జరిగింది. మా ఆవిడ గరిటెతో పళ్ళెం మీద కొట్టింది, నేను చెయ్యెత్తాను. మళ్ళీ కొట్టింది, మళ్ళీ ఎత్తాను. ఆవిడ కొట్టే కొట్టుడికి కింద దుకాణంలో వాళ్ళు కూడా చెయ్యెత్తి ఉంటారు. పాసయ్యానని మా ఆవిడ తీర్పు చెప్పింది. ప్లీడరు మాత్రం నా వెనక్కి వెళ్ళి నిలబడింది. అక్కడ ఏం చేసిందో నాకు తెలియదు. కాసేపటికి ముందుకొచ్చి, నా మొహం చూసి, పళ్ళెం తీసుకెళ్ళి కడిగేసింది.

రంపం దగ్గర పనిచేసేవాడికి చెవులు కాస్త మొద్దుబారతాయని నాకు తెలియదని కాదు. ఎంత మొద్దుబారాయో నేను ఎప్పుడూ అడగలేదు, అంతే. అందుకని ఒక ఉపాయం చేసిపెట్టుకున్నాను. ఆ పరీక్షకి ముందే వెళ్ళొచ్చినవాళ్ళు మిల్లులో చేతులతో అంతా చెప్పారు. గాజు గదిలో కూర్చోబెడతారు, చెవులకి డిప్పలు తగిలిస్తారు, చేతికి ఒక మీట ఇస్తారు. శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కాలి. గాజుకి అవతల డాక్టరమ్మ కూర్చుంటుంది. ఆవిడ శబ్దం పంపినప్పుడల్లా ఆవిడ ముందున్న పెట్టెలో ఎర్ర దీపం వెలుగుతుంది. దీపం మొహం ఆవిడ వైపు ఉంటుంది, మనకి కనబడదు. ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళకి మాత్రం కనబడుతుంది.

బస్సులో ప్లీడరుకి నా ఉపాయం చెప్పాను. దీపం వెలిగినప్పుడల్లా ఊరికే జడ ముట్టుకుంటే చాలన్నాను.

"అది మోసం కదా నాన్నా," అంది.

"మోసమేంటమ్మా? వాళ్ళ మాటలకి నువ్వే కదా అర్థం చెప్పేది. వాళ్ళ శబ్దాలకి కూడా చెబుతున్నావనుకో."

అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. కాదనలేదు కాబట్టి ఔనన్నట్టే అని లెక్క కట్టుకున్నాను. ప్లీడర్లు మాట్లాడకపోతే అది దేనికి గుర్తో నాకు అప్పటికి తెలియదు.

డాక్టరమ్మ నాకంటే చిన్నది, చేతులు చల్లగా ఉన్నాయి. నన్ను లోపల కూర్చోబెట్టి తలుపు వేసింది. ప్లీడరు ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది, నాకు ఎదురుగా. మొదట రెండు మూడు లావు శబ్దాలు వచ్చాయి, దూరంగా లారీ వెళుతున్నట్టు. నొక్కాను. తర్వాత ఏమీ లేదు. ప్లీడరు చెయ్యి జడ మీదికి వెళ్ళింది. నొక్కాను. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ నొక్కాను. అలా ఒక చెవి పూర్తయింది. డాక్టరమ్మ కాగితం మీద చుక్కలు పెట్టుకుని నాకేసి చూసి నవ్వింది. ఈ వయసులో ఇలాంటి చెవి చూడలేదనుకుంది కాబోలు. అది నిజంగానే బంగారం లాంటి చెవి, కాకపోతే నాది కాదు.

రెండో చెవి మొదలైంది. ప్లీడరు చెయ్యి జడ మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. అది నాకేసి చూసింది. తర్వాత నా చొక్కా చేతి వైపు చూసింది. మా ఇద్దరికీ మధ్య గాజు ఉంది. అప్పుడు లేచి, కుర్చీని గుండ్రంగా తిప్పి, నాకు వీపు పెట్టి గోడ వైపు కూర్చుంది.

జడ వెనక కట్టిన రిబ్బను కనబడింది, అంతే. ఆ గాజు గదిలో మీట పట్టుకుని నేను ఒక్కణ్ణే మిగిలాను. ఈ దేశం వచ్చాక మొదటిసారి, ప్లీడరు లేకుండా. ఊరికే కూర్చోవడం బాగుండదని నా ఇష్టమొచ్చినప్పుడు నాలుగైదు సార్లు నొక్కాను. డాక్టరమ్మ పెన్ను ఆపేసింది. ప్లీడరు గోడ వైపునుంచి తిరక్కుండానే ఆవిడతో ఏదో చెప్పింది, చాలాసేపు చెప్పింది. చివర్లో చెయ్యెత్తి జడ ముట్టుకుని చూపించింది. డాక్టరమ్మ లేచి వచ్చి గాజుకి తెర లాగేసింది. రెండు చెవులూ మళ్ళీ మొదటినుంచి చూసింది.

బయటికొచ్చాక డాక్టరమ్మ చెప్పిందంతా ప్లీడరు నాకు చెప్పింది. ఆ రోజు ఒక్క మాట కూడా తగ్గించలేదు. లావు శబ్దాలు సగం వినబడుతున్నాయి, సన్న శబ్దాలు రెండు చెవులకీ పూర్తిగా పోయాయి. రంపమే తినేసింది, అది తిరిగి రాదు. ఇక రంపం దగ్గర నిలబడకూడదు. చెవి మిషన్లు ఇస్తారు, మూడు వారాలు పడుతుంది. ఇదంతా వరసగా చెప్పి, చివర్లో తన మాట కూడా ఒకటి కలిపింది. జడ సంగతి తనే చెప్పిందట.

బస్సు ఎక్కబుద్ధి కాలేదు. నడిచాం. సగం దూరం పోయాక ఆగాను.

"ఇల్లు పోయింది, తెలుసా?"

"తెలుసు నాన్నా."

"నీ కిటికీ కూడా."

"తెలుసు."

అది నా ముందుకొచ్చి, నా కళ్ళకి ఎదురుగా నిలబడి, పెదాలు నాకు కనబడేలా మొహం పైకెత్తింది. ఎప్పుడూ అలాగే మాట్లాడేదని నాకు అప్పుడు తట్టింది. ఒక్క రోజు కూడా నా వెనకనుంచి మాట్లాడలేదు.

"ఆఫీసుల్లో నీ చొక్కా నేను లాగుతాను. ఆ రంపం దగ్గర ఎవరు లాగుతారు?"

గట్టిగానే అంది, దారిన పోయేవాళ్ళు తిరిగి చూశారు. జవాబు దొరకని మనిషికి దొరికేది కోపమే కాబట్టి, దాన్ని పట్టుకుని ఇంటిదాకా నడిచాను. అది పక్కన కాకుండా నాలుగడుగులు వెనక నడిచింది. వీధి మలుపులో ఒక్కసారి మాత్రం పరిగెత్తుకొచ్చి చొక్కా పట్టుకుని ఆపింది. నా భుజం పక్కనుంచి లారీ పోయింది. ఆ తర్వాత మళ్ళీ వెనక్కి వెళ్ళిపోయింది.

ఇంట్లో ప్లీడరే వాళ్ళమ్మకి చెప్పింది. మా ఆవిడ విని కుర్చీలో కూలబడింది. చేతిలో గరిటె లేదు. పెదాలు కదిలాయి, మాట వినబడలేదు. ఆరేళ్ళలో మొదటిసారి ఆవిడ నా ఎదుట మెల్లగా మాట్లాడింది, నాకు అది అందలేదు. ప్లీడరు వైపు చూశాను. అది తల దించుకుంది.

"ఏమంటోంది మీ అమ్మ?"

ప్లీడరు చెప్పకముందే మా ఆవిడ గొంతు పెంచింది. "ఏమంటానండీ. ఆరేళ్ళుగా పిలిస్తే పలకట్లేదు మీరు. వినబడీ వినబడనట్టు ఊరుకుంటున్నారనుకున్నాను. మగాళ్ళందరూ అంతేలే అని, గొంతు పెంచుకుంటూ పోయాను." కళ్ళు తుడుచుకుంది. "మిమ్మల్ని ఎన్ని తిట్లు తిట్టానో తెలుసా, మెల్లగా, మీ వెనకాల?"

"పోనీలే," అన్నాను. "అవి నా దాకా రాలేదు."

మిల్లులో నన్ను రంపం దగ్గరనుంచి తీసేశారు. దిమ్మె వేరే అతనికి వెళ్ళింది, ఇల్లూ అతనికే. నన్ను పలకలు ఏరే చోట వేశారు. కోసిన పలకని వేళ్ళతో తడిమి, ఏది నిటారుగా ఉంది, ఏది వంకర పోతుంది, ఏ ముడి దగ్గర విరుగుతుంది అని చూసి, మూడు రకాలుగా పేర్చాలి. పని చెడ్డది కాదు. నా ముఖమే బాగాలేదు. ప్లీడరుతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఒక రోజు పని నుంచి వచ్చేసరికి గోడ మీద గది బొమ్మ లేదు. దాన్ని అంటించిన నాలుగు మూలల గుర్తులు మాత్రం మిగిలాయి. నేను ఆ గోడ వైపు కాకుండా ఇటు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాను.

మూడు వారాలకి చెవి మిషన్లు వచ్చాయి. డాక్టరమ్మ చల్లటి వేళ్ళతో అవి తగిలించింది. మొదట వినబడింది నా చొక్కా. చెయ్యి కదిపితే గుడ్డ గరగరమంది. ఎవరో కాగితాలు నలుపుతున్నారనుకుని వెనక్కి తిరిగి చూశాను. తర్వాత డాక్టరమ్మ మాట్లాడింది. మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంది, ప్రతి మాటకీ మొదలూ చివరా ఉన్నాయి. ఆవిడ నోట్లో ఒక్క బియ్యపు గింజ లేదు. ఆరేళ్ళుగా ఒక జనం మొత్తం మీద వేసిన నింద ఆ కుర్చీలోనే వెనక్కి తీసుకున్నాను, మనసులో.

"వినబడుతోందా నాన్నా?"

వెనకనుంచి వచ్చింది ఆ మాట. కావాలనే వెనక నిలబడి అంది. నేను తిరగలేదు. నాకు తెలిసిన మా పిల్ల గొంతు ఐదేళ్ళ పిల్లది. ఆ తర్వాత నేను విన్నదంతా సగం దాని గొంతు, సగం దాని పెదాలు. ఇది సన్నగా, కొంచెం జీరగా, పెద్దవాళ్ళ గొంతులా ఉంది. ఆ గొంతు కౌంటర్ల ముందూ డాక్టర్ల ముందూ ఇన్నాళ్ళూ నా కోసం మాట్లాడింది. విన్నవాళ్ళంతా బయటివాళ్ళే, నేను తప్ప. ఇంకేమైనా మాట్లాడమన్నాను. ఏం మాట్లాడాలో తెలియక అది మా మూడు రూల్సూ చదివింది. రెండోసారి కూడా చదివించుకున్నాను.

అయినా కోపం పూర్తిగా దిగలేదు. నిజం చెప్పాలి కదా. ఆ రాత్రి కూడా ఆ గోడ వైపు కాకుండా ఇటే తిరిగి పడుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కంటే ముందే మేస్త్రీ ఒక చీటీ ఇచ్చి, పెద్ద రంపం దిమ్మె దగ్గర ఇచ్చి రమ్మని సైగ చేశాడు. షెడ్డులోకి అడుగు పెట్టగానే రంపం మోత తల మీద పడింది, మిషన్లని వేలితో తగ్గించుకున్నాను. దిమ్మె కింది దాకా వెళ్ళాను. అప్పుడు, నా వెనకనుంచి, పైనుంచి, సన్నగా, పొడుగ్గా ఒక ఈల వచ్చింది. దిమ్మె మీదున్న హెడ్డు తల కూడా తిప్పకుండా పక్కకి జరిగాడు. అతను అంతదాకా నిలబడ్డ చోటికే, వాలు బల్ల మీదుగా, దుంగ జారి వచ్చి ఆగింది.

కాసేపటికి మళ్ళీ ఈల వచ్చింది. హెడ్డు మళ్ళీ జరిగాడు. దుంగ వచ్చింది.

నేను చీటీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కిందికి చూస్తే, చిన్న రంపం దగ్గర నా పాత పొడుగాయన కూడా ఆ ఈలకే అడుగు వెనక్కి వేస్తున్నాడు. ఆరేళ్ళు ఆయన కాళ్ళు చూసి నేను అడుగు వేశాను. ఆయన దేన్ని విని వేస్తున్నాడో నేనెప్పుడూ అడగలేదు. ఆ ఈల రోజుకి ఎనభై సార్లు మోగుతుంది. నేను పనిచేసిన ఆరేళ్ళలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నా చెవిన పడలేదు. ఆ దిమ్మె మీద ఎదురుగా ఎవరూ ఉండరు. పల్లకీ అనుకున్నాను కదా.

చీటీ ఇచ్చాను. తిరిగొచ్చి పలకల కుప్ప మీద కూర్చున్నాను.

పని దిగేవేళ మేస్త్రీ దగ్గరికి వెళ్ళాను. పక్కన ప్లీడరు లేదు. మూడో రకం కుప్పలో మూడు పలకలు చూపించి, నేను నిన్నటినుంచి విని పోగేసుకున్న మాటల్లోంచి నాలుగు ఏరి, వరసగా పెట్టి చెప్పాను. మేస్త్రీ నోరు తెరిచాడు. ఆరేళ్ళలో నా గొంతునుంచి తన భాష రావడం అదే మొదటిసారి. తర్వాత నవ్వి, మూడో రకం కుప్ప కాదని, మొదటి రకం కుప్పలోంచి తనే మూడు పలకలు తీసి నా భుజం మీద పెట్టాడు.

ఇంటికి వెళ్ళేసరికి ప్లీడరు ట్రంకుపెట్టె ముందు కూర్చుని లెక్కలు చేసుకుంటోంది. మా ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. పలకలు గోడకి ఆనించాను.

"ఎక్కడివి నాన్నా?"

"మేస్త్రీ ఇచ్చాడు. బల్లకి. ఈ గదిలో కూడా ఒక కిటికీ ఉంది కదా, చిన్నదైనా."

అది పలకల వైపు చూసింది, గోడ మీద నాలుగు గుర్తుల వైపు చూసింది. "ఎవరడిగారు?"

"నేనే."

పెన్సిలు కింద పెట్టింది. "ఏమని అడిగావు?"

చెప్పాను, మేస్త్రీకి చెప్పినట్టే.

"అందులో రెండు మాటలు తప్పు నాన్నా."

"పలకలు మూడూ సరిగ్గానే ఇచ్చాడు."

మా ఆవిడ పొయ్యి దగ్గరనుంచే, మెల్లగా, ప్లీడరు ఉద్యోగం ఊడేలా ఉందే అంది. వినబడింది. వినబడిందని తెలిసి ఆవిడ నాలిక కరుచుకుంది. ఇకమీదట తిట్లకి వేరే చోటు వెతుక్కోవాలి ఆవిడ.

దారి పొడుగునా నేను పెద్ద ఉపన్యాసం తయారు చేసుకుంటూ వచ్చాను. ఆ దుంగంత లావు ఉపన్యాసం. పిల్ల ముందు నేల మీద కూర్చున్నాక అందులో ఒక్క ముక్క బయటికి రాలేదు. దాని గౌను చెయ్యి పట్టుకున్నాను. రెండుసార్లు లాగాను.

అది నవ్వలేదు. నా మొహంలోకి చూసింది, ఏమైందన్నట్టు. అప్పుడు, అది పళ్ళ డాక్టరుకి చెప్పినట్టే చెప్పాను.

"ఈల. వెనకనుంచి. దుంగకి ముందు."

దానికి అంతా అర్థమైంది. నా మాటలు ఎన్నున్నా, ఎన్ని లేకపోయినా అర్థం చేసుకోవడం దానికి అలవాటే. తర్వాత దాని చెయ్యి నా చొక్కా మీదికి వచ్చింది. ఒకసారి లాగింది. ఆగి, రెండోసారి లాగింది. నవ్వాను. అదీ నవ్వింది. మా ఆవిడ అటు తిరిగి పొయ్యి ఊదుతున్నట్టు నటించింది. అది గ్యాసు పొయ్యి.

"అసలు ఆ ఈల ఎంత గట్టిగా ఉందో తెలుసా," అన్నాను, గొంతు సర్దుకుని. "అది మోగితే దుంగలోని చెద పురుగులు కూడా లేచి నిలబడి, పక్కకి జరిగి..."

చొక్కా మూడోసారి లాగింది.